అమెరికాలో నేషనల్ ఫారెస్ట్, బీఎల్ఎం (బ్యూరో ఆఫ్ ల్యాండ్ మేనేజ్‌మెంట్) భూముల్లో ఉచిత క్యాంపింగ్: అమ్మానాన్నలతో 395 రోడ్డు మీదికి వెళ్లొచ్చా?

#1 · ఫ్రీమాంట్_వాసి

అందరికీ నమస్కారం. సెప్టెంబరులో తెనాలి నుంచి అమ్మానాన్న వస్తున్నారు. వాళ్లనీ, పిల్లలిద్దరినీ తీసుకుని కాలిఫోర్నియాలో 120 హైవే మీదుగా టియోగా పాస్ అనే కనుమ దాటి, 395 హైవే మీద లీ వైనింగ్, మామత్ లేక్స్, బిషప్, లోన్ పైన్ వరకు వెళ్దామని అనుకుంటున్నాం. రిక్రియేషన్ డాట్ గవ్‌లో చూస్తే క్యాంప్‌గ్రౌండ్లన్నీ నిండిపోయాయి. ఆరుగురికి హోటల్ రూములంటే ఖర్చు తడిసి మోపెడవుతోంది.

"ఇన్యో నేషనల్ ఫారెస్టులో ఎక్కడైనా టెంట్ వేసుకో, రూపాయి కట్టక్కర్లేదు" అని ఆఫీసులో ఒకాయన చెప్పారు. నిజంగా చట్టప్రకారం కుదురుతుందా? ఎవరికైనా చెప్పి వెళ్లాలా? బాత్రూమ్ ఉండదు కదా, అమ్మకి మోకాళ్ల నొప్పులు. నాన్నకి బీపీ. ఇలా వెళ్లొచ్చినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి. మా దగ్గర ఉన్నది మామూలు మినీవ్యాన్.

#2 · బొబ్బిలి_బాటసారి

నిజమేనండీ, కానీ ఆ "ఎక్కడైనా" అన్న మాటని మాత్రం నమ్మకండి.

నేషనల్ ఫారెస్టుల్ని చూసే ఫారెస్ట్ సర్వీస్ చేతిలో దాదాపు 19.3 కోట్ల ఎకరాలు, మిగతా ఫెడరల్ భూముల్లో చాలావాటిని చూసే బీఎల్ఎం చేతిలో దాదాపు 24.5 కోట్ల ఎకరాలు ఉన్నాయి. మన రెండు తెలుగు రాష్ట్రాలు కలిపినా 6.8 కోట్ల ఎకరాలే. ఆ భూమిలో చాలా భాగంలో, వద్దని బోర్డు గానీ ఉత్తర్వు గానీ లేనిచోట, ఉచితంగా బస చేయొచ్చు. బీఎల్ఎంలో సాధారణంగా 28 రోజుల వ్యవధిలో 14 రోజులు ఉండనిస్తారు, ఆ తర్వాత దూరంగా వేరేచోటికి మారిపోవాలి. నేషనల్ ఫారెస్టుల్లో ఈ పరిమితి ఒక్కో అడవికి ఒక్కోలా ఉంటుంది. నేషనల్ పార్కుల లెక్క మాత్రం పూర్తిగా వేరు. యోసెమిటీ లోపల రోడ్డు పక్కన కారులో పడుకున్నా రేంజర్ వచ్చి లేపుతారు. పార్కు గేటు దాటి ఇన్యో ఫారెస్టులోకి వచ్చాకే ఈ మాటలన్నీ.

395 మీద ఒక చిక్కు ఉంది, అది చాలామందికి తెలియదు. ఓవెన్స్ లోయలోనూ మోనో లేక్ పరిసరాల్లోనూ లాస్ ఏంజెలెస్ నగర నీటి, విద్యుత్ శాఖకి దాదాపు 3 లక్షల ఎకరాల భూమి ఉంది. నగరానికి నీళ్లు తీసుకెళ్లడానికి వందేళ్ల కిందట కొనడం మొదలుపెట్టిన భూమి అది. పగలు తిరగనిస్తారు, చేపలు పట్టుకోనిస్తారు. రాత్రి ఉండనివ్వరు. చూడటానికి బీఎల్ఎం నేలా అదీ ఒకేలా ఉంటాయి, అదే సేజ్ పొదలు, అదే మట్టి రోడ్డు. ఫోన్ మ్యాపులో పచ్చగా కనపడిందని లోపలికి వెళ్లిపోకండి.

నేను చేసే పద్ధతి చెప్తాను. ముందు ఆ ఫారెస్ట్ వాళ్ల మోటార్ వెహికల్ యూజ్ మ్యాప్ దింపుకుంటాను. అది ఉచితం. అవెంజా యాప్‌లో వేసుకుంటే సిగ్నల్ లేకపోయినా మనం ఎక్కడున్నామో నీలం చుక్క చూపిస్తుంది. ఆ మ్యాపులో బండ్లు వెళ్లనిచ్చే రోడ్లు మాత్రమే ఉంటాయి. కొన్ని రోడ్ల పక్కన వరసగా చుక్కలు కనిపిస్తాయి, ఆ వెంట నిర్ణీత దూరం వరకు బండి దించి క్యాంప్ వేసుకోవచ్చని అర్థం. తర్వాత రేంజర్ ఆఫీసుకి ఫోన్ చేసి ఫలానా రోడ్డు నంబరు మీద ఇప్పుడు ఉండొచ్చా, నిప్పు ఆంక్షలు ఉన్నాయా, మినీవ్యాన్ వెళ్తుందా అని ఈ మూడూ అడుగుతాను. చాలా ఓపిగ్గా చెప్తారు. లోన్ పైన్‌కి కాస్త దక్షిణంగా, 395, 136 కలిసేచోట ఈస్టర్న్ సియెర్రా విజిటర్ సెంటర్ ఉంది. అక్కడ అన్ని శాఖల సమాచారం ఒకేచోట దొరుకుతుంది. ముందస్తుగా ఎవరికీ చెప్పనక్కర్లేదు కానీ, మీ ఇంటిదగ్గర ఒకరికి ఏ రోడ్డు మీద ఉంటారో, ఎప్పటికి తిరిగొస్తారో రాసిచ్చి వెళ్లండి.

మినీవ్యాన్ అన్నారు కాబట్టి ఇంకో సంగతి. ఫారెస్ట్ రోడ్డు మొదట్లో గోధుమరంగు గుర్తు మీద నంబరు అడ్డంగా రాసి ఉంటే మామూలు కార్లు వెళ్లే రోడ్డు. నిలువుగా, అంకె కింద అంకె రాసి ఉంటే ఎత్తు ఎక్కువున్న బండ్లకే. నిలువు నంబరు చూస్తే మీరు తిరగొచ్చేయండి. అడ్డం నంబరైనా, వాన పడ్డాక గానీ ఇసుక కనిపించాక గానీ ముందు దిగి నడిచి చూడండి. అద్దె బండి తీసుకునేవాళ్లు కాంట్రాక్టు చదవండి, తారు లేని రోడ్డు మీదికి తీసుకెళ్లకూడదని చాలావాటిలో ఉంటుంది. టో ట్రక్కు అంత లోపలికి రావాలంటే బిల్లు భరించలేం.

#3 · ప్లేనో_పిట్ట

ఒక సందేహం. ఇది మన ఊళ్లో పోరంబోకు భూమి లాంటిదా? ఎవరూ పట్టించుకోరు కాబట్టి ఉండనిస్తారా?

#4 · బొబ్బిలి_బాటసారి

లేదండీ, పట్టించుకునేవాళ్లు చాలామందే ఉన్నారు. 1976లో వచ్చిన చట్టం బీఎల్ఎం భూమిని దేశ ప్రజల కోసం ఉంచాలని, దాన్ని చాలా పనులకి వాడుకునేలా చూడాలని చెప్పింది. అందుకే అదే నేల మీద ఒకవైపు పశువులు మేస్తుంటాయి, ఇంకోవైపు గని ఉంటుంది, మరోవైపు మనం టెంట్ వేస్తాం. దారిలో రాంచ్ గేటు వస్తే, మూసి ఉన్నదాన్ని దాటాక మూసేయాలి, తెరిచి ఉన్నదాన్ని తెరిచే ఉంచాలి. మనదగ్గర నల్లమలలో అనుమతి లేకుండా రాత్రి ఉంటే అటవీశాఖ వాళ్లు కేసు పెడతారు. ఇక్కడ ఉండనిస్తున్నారంటే అది చట్టం ఇచ్చిన వీలు. ఎవరూ చూడట్లేదులే అని కాదు.

#5 · నెల్లూరు_అమ్మాయి

ఫ్రీమాంట్_వాసి గారూ, పెద్దవాళ్ల సంగతి నేను చెప్తాను. మా అత్తయ్యగారికీ మోకాళ్ల నొప్పులే, ఆవిడని తీసుకెళ్లాం.

బాత్రూమ్ గురించి వెళ్లకముందు ఉన్నంత టెన్షన్ అక్కడికెళ్లాక ఉండదు. మడతపెట్టే టాయిలెట్ కుర్చీ ఒకటి, దాని కిందికి వ్యాగ్ బ్యాగులు, చుట్టూ నిలబెట్టే చిన్న టెంట్ గది, ఈ మూడూ కొనండి. బ్యాగులో ఉన్న పొడి తడిని గట్టి జెల్‌గా మార్చేస్తుంది, వాసన రాదు, మూటకట్టి ఊళ్లో చెత్తడబ్బాలో వేయొచ్చు. కుర్చీని చదునైన నేల మీద పెట్టి, నలుగురూ కూర్చుని చూశాకే పెద్దవాళ్లకి అప్పగించండి. పక్కన ఒక చిన్న స్టూలు, నీళ్ల క్యాన్, మగ్గు, చేతికి సబ్బు, రాత్రికి తలకి కట్టుకునే లైటు. కడుక్కునే నీళ్లు వేరే బకెట్లో పట్టుకుని దూరంగా గొయ్యిలో పోయాలి.

బ్యాగులు వద్దనుకుంటే గొయ్యి. 6 నుంచి 8 అంగుళాల లోతు, నీటికీ దారికీ క్యాంపుకీ 200 అడుగుల దూరం. పెద్ద మనిషి డెబ్బై అంగలు వేస్తే సుమారుగా అంత వస్తుంది. కాగితం వాడితే గొయ్యిలో వదలకూడదు, కవర్లో వేసుకుని వెనక్కి తేవాలి. తడి వైప్స్ అయితే మరీను, ఏళ్లు గడిచినా మట్టిలో కరగవు. మనకి నీళ్ల అలవాటు ఉండటం ఇక్కడ బాగా కలిసొస్తుంది.

మామయ్యగారి మందులన్నీ రెండు చోట్ల పెట్టాను, ఒకటి నా బ్యాగులో, ఒకటి బండిలో. బీపీ ఉన్నవాళ్లని మొదటి రాత్రే ఎత్తుకి తీసుకెళ్లొద్దు. లోన్ పైన్ 3,700 అడుగులు, మామత్ దాదాపు 7,900. టియోగా పాస్ దాదాపు 10 వేలు. డాక్టర్‌తో ముందే మాట్లాడండి. ఎత్తు దాటి వచ్చిన రోజు రాత్రి కిందకి దిగి పడుకోండి. తలనొప్పి, వాంతులు మొదలైతే అక్కడే ఉండి చూద్దాం అనుకోకుండా బండెక్కి దిగిపోవడమే మందు. బిషప్‌లోనూ మామత్‌లోనూ ఆసుపత్రులున్నాయి.

ఇంకోటి. అన్ని రాత్రులూ బయటే ఉండాలని పట్టుబట్టకండి. రెండు రాత్రులు అడవిలో, ఒక రాత్రి మోటెల్లో వేడినీళ్ల స్నానం. పెద్దవాళ్లకి అలా అయితే హాయి.

#6 · ఓరుగల్లు_రైడర్

అక్కా, బాగా చెప్పినవ్. కానీ నాకు ఒక డౌటు. పెద్దవాళ్లను అసలు అక్కడికి తీసుకపోవుడు అవసరమా? రాత్రి ఏమన్న అయితే ఫోన్ సిగ్నల్ ఉండదు. నేనైతే మా నాన్నను తీసుకపోను.

#7 · నెల్లూరు_అమ్మాయి

మీ భయం అర్థమైంది తమ్ముడూ. అందుకే తారురోడ్డుకి దగ్గరగా, ఊరికి అరగంటలో ఉండే చోటే ఎంచుకుంటాం. ఐఫోన్ 14, ఆ తర్వాత వచ్చిన మోడళ్లలో శాటిలైట్ ద్వారా అత్యవసర సందేశం పంపే వీలుంది. శాటిలైట్ ద్వారానే మెసేజ్ పంపే ఇన్‌రీచ్ లాంటి పరికరం ఉంటే ఇంకా మంచిది. గుండె జబ్బు ఉన్నవాళ్లనీ, ఈమధ్యే ఆపరేషన్ అయినవాళ్లనీ నేనూ తీసుకెళ్లను. కానీ బీపీ మందులు వేసుకుంటూ రోజూ నడిచే మనిషికి ఆ ఆకాశం చూపించకపోతే ఎలా? మామయ్యగారు పాలపుంతని చిన్నప్పుడు ఉదయగిరి దగ్గర చూశారట. మళ్లీ ఇన్నేళ్లకి మా క్యాంపు దగ్గరే చూశారు.

#8 · ఫ్రీమాంట్_వాసి

చాలా చాలా థాంక్స్ అండీ. మా ఆవిడ ఈ పేజీ ప్రింట్ తీసింది. ఇంకో రెండు ప్రశ్నలు. లోన్ పైన్ దగ్గరి అలబామా హిల్స్‌లో ఉచితంగా ఉండొచ్చని వీడియోల్లో చూశాం, ఆ రాళ్ల మధ్య. అది సరేనా? పిల్లలు మాత్రం చలిమంట ఉండాల్సిందే అంటున్నారు.

#9 · సోనోరా_నీడ

చలిమంట గురించి నేను రాస్తాను. నేను ఆరిజోనాలో ఉంటాను, ఎండాకాలమంతా ఇదే పని: ఆంక్షలు చూసుకోవడం, వాటికి తగ్గట్టు చోటు మార్చుకోవడం.

కాలిఫోర్నియాలో క్యాంప్‌గ్రౌండ్ కాని ఫెడరల్ భూమి మీద చలిమంటకే కాదు, గ్యాస్ స్టవ్ వెలిగించడానికి కూడా క్యాంప్‌ఫైర్ పర్మిట్ కావాలి. ఉచితమే. ఆన్‌లైన్లో చిన్న వీడియో చూసి కొన్ని ప్రశ్నలకి జవాబిస్తే వస్తుంది, ఆ ఏడాది చివరిదాకా చెల్లుతుంది. కానీ పర్మిట్ ఉన్నంత మాత్రాన మంట వేయొచ్చని కాదు. సెప్టెంబరు అంటే అక్కడ అడవి ఎండిపోయి ఉండే కాలం. ఆంక్షలు ఉంటే బయట కట్టెల మంట, బొగ్గుల గ్రిల్లు రెండూ కుదరవు. తిప్పి ఆర్పే వాల్వు ఉన్న గ్యాస్ స్టవ్‌కి చాలాసార్లు అనుమతి ఉంటుంది. బయల్దేరే ముందు రోజు మళ్లీ చూసుకోండి, ఉత్తర్వు రాత్రికి రాత్రి మారొచ్చు.

2016లో బిగ్ సర్ దగ్గర సోబరానెస్ మంట వచ్చింది. మంట వేయకూడని చోట ఎవరో వేసి వదిలేసిన క్యాంప్‌ఫైర్ అది. 1.32 లక్షల ఎకరాలు కాలిపోయాయి, ఒక బుల్డోజర్ డ్రైవర్ చనిపోయాడు, ఆర్పడానికి 20 కోట్ల డాలర్లకి పైగా ఖర్చయింది. గాలి వీస్తే సరిపోయేది ఒక్క నిప్పురవ్వ.

ఆంక్షలు లేని రోజుల్లో వేసుకుంటే, ఆర్పే పద్ధతి ఇది. పడుకోవడానికి ముప్పావుగంట ముందే కొత్త కట్టె వేయడం ఆపాలి. తర్వాత నీళ్లు, చెంబుతో కాదు, బకెట్టుతో. పోయగానే బుస్సుమని ఆవిరి లేస్తుంది, పైన బూడిద నల్లగా తడుస్తుంది, ఆరిందనిపిస్తుంది. అప్పుడు పారతో అడుగునుంచి తిరగేయాలి. కింద ఎర్రగా కణకణలాడుతూ బొగ్గులు బయటపడతాయి. మళ్లీ నీళ్లు, మళ్లీ కలపడం. పెద్ద దుంగలుంటే ఒక్కోదాన్నీ తిప్పి అన్ని వైపులా తడపాలి. చివర్లో అరచేయి తిరగేసి, చేతి వెనకభాగం బూడిదకి దగ్గరగా పెట్టి చూడాలి. వెచ్చగా తగిలినా ఇంకా పూర్తవలేదన్నమాట. మట్టి కప్పి వదిలేయొద్దు, కింద నిప్పు గంటల తరబడి అలాగే ఉంటుంది. ఆ నీళ్లు తాగేనీళ్ల లెక్కలోంచి తీయకుండా వేరే క్యాన్ తీసుకెళ్లండి.

కట్టెలు ఇంటినుంచి మోసుకెళ్లొద్దు, పురుగులు, తెగుళ్లు ఒక అడవినుంచి ఇంకో అడవికి వెళ్తాయి. దగ్గర్లో కొనండి.

మనవాళ్లకి ప్రత్యేకంగా ఇంకో మాట. నేషనల్ ఫారెస్టుల్లోనూ బీఎల్ఎం భూముల్లోనూ బాణసంచా ఏడాది పొడవునా నిషేధం. దీపావళికి పిల్లల చేత కాకరపువ్వొత్తులు కాల్పిద్దామని కొన్ని కుటుంబాలు అడవికి వెళ్తున్నాయని విన్నాను. దయచేసి అలా చేయకండి. కార్తీకమాసంలో దీపం పెట్టాలనుకుంటే ఇంట్లో పెట్టుకోండి, లేదా బ్యాటరీ దీపం. ఫెడరల్ భూమిలో రాసే టికెట్ ఫెడరల్ కోర్టు లెక్కలోకి వెళ్తుంది. పౌరసత్వం దరఖాస్తులో సైటేషన్ల గురించి అడుగుతారని మర్చిపోకండి.

#10 · బొబ్బిలి_బాటసారి

అలబామా హిల్స్ గురించి: 2019లో దాన్ని నేషనల్ సీనిక్ ఏరియాగా ప్రకటించారు. ఆ తర్వాత రాత్రి బసకి పర్మిట్ పెట్టారు, ఎక్కడపడితే అక్కడ కాకుండా గుర్తించిన చోట్లకి పరిమితం చేశారు. పాత వీడియోలు చూసి వెళ్లకండి, విజిటర్ సెంటర్లో అడిగి వెళ్లండి. వీలైతే పగలంతా అక్కడ తిరిగి, విట్నీ శిఖరం మీద తెల్లవారే ఎండ చూసి, రాత్రి వేరేచోట ఉండండి. లోన్ పైన్‌కి ఉత్తరాన మాంజనార్ ఉంది, రెండో ప్రపంచ యుద్ధంలో జపనీస్ అమెరికన్ కుటుంబాలని బంధించి ఉంచిన శిబిరం. పిల్లలకి తప్పకుండా చూపించండి. మనలా వలస వచ్చినవాళ్లు చూడాల్సిన చోటు.

#11 · కోనసీమ_కొబ్బరి

వంట సంగతి ఎవరూ రాయలేదు. ఎత్తులో అన్నం ఉడకదు! 9,000 అడుగుల దగ్గర నీళ్లు సుమారు 91 డిగ్రీలకే మరిగిపోతాయి. మామూలు గిన్నెలో పెడితే పైన మెతుకు, లోపల పలుకు. చిన్న ప్రెషర్ కుక్కర్ తీసుకెళ్లండి, మనింట్లో ఎలాగూ ఉంటుంది. పప్పుకైతే అది తప్పదు. మొదటి రాత్రికి పులిహోర, రెండో రోజుకి చపాతీలు, ఆవకాయ. పెరుగు ఐస్ బాక్సులో మూడు రోజులు నిలుస్తుంది. మనిషికి రోజుకి ఒక గ్యాలన్ నీళ్లు, వంటకీ కడగడానికీ అదనం. టెంట్ లోపల స్టవ్ వెలిగించొద్దు, చలిగా ఉన్నా సరే. కార్బన్ మోనాక్సైడ్ వాసన రాదు, నిద్రలోనే ప్రాణం పోతుంది.

ఇక ఎలుగుబంట్లు. అటువైపు ఉన్నవి నల్ల ఎలుగులు, మనుషుల జోలికి రావడం అరుదు, తిండి కోసం మాత్రం బాగా తిరుగుతాయి. రాత్రి తిరగమోత గిన్నె బయట వదిలేస్తే పిలిచినట్టే. నెయ్యి డబ్బా, టూత్‌పేస్ట్, కొబ్బరినూనె సీసా, చెత్త కవరు, వాసన వచ్చేది ఏదైనా బేర్ క్యానిస్టర్‌లో (ఎలుగులు తెరవలేని గట్టి డబ్బాలో) ఉండాలి, లేదా ఆ ఫారెస్ట్ వాళ్లు చెప్పిన పద్ధతిలో. టెంట్‌లో పిల్లలు బిస్కెట్లు దాచుకోకుండా చూడండి. అంట్లు తోమిన నీళ్లు వాగులో పోయకూడదు, సబ్బు ఏదైనా సరే.

వయోమింగ్‌లో జాక్సన్ వైపు, బ్రిడ్జర్-టీటన్ ఫారెస్టుకి వెళ్లేవాళ్లకి అదనంగా: అక్కడ గ్రిజ్లీలు ఉంటాయి, ఇవి ఇంకా ప్రమాదకరమైన ఎలుగులు. తిండి ఎలా దాచాలో ఉత్తర్వే ఉంది. ఎలుగుల్ని తరిమే బేర్ స్ప్రే నడుముకి ఉండాలి, బ్యాగు అడుగున ఉంటే ఎందుకూ పనికిరాదు.

#12 · ఓరుగల్లు_రైడర్

జంతువుల కన్నా నాకు మనుషుల భయం ఎక్కువ. మనం చూడ్డానికి వేరేగా ఉంటం. బీఎల్ఎంల గన్నులు కాలుస్తరు, ట్రక్కులేసుకుని వస్తరు. ఆడవాళ్లు, పిల్లలతో ఉన్నప్పుడు ఎట్లా?

#13 · సోనోరా_నీడ

ఈ ప్రశ్న అడగడం మంచిదైంది, చాలామంది లోపలే పెట్టుకుంటారు. బీఎల్ఎం భూముల్లో చాలాచోట్ల గురిచూసి కాల్చడం చట్టబద్ధమే. చోటు ఎంచుకునేటప్పుడు నేల చూడండి. తూటా గుల్లలు, చిల్లులుపడ్డ డబ్బాలు, పగిలిన టీవీ కనిపిస్తే అది కాల్చుకునే చోటు, వెంటనే వేరే దారి చూసుకోండి. అక్టోబరు, నవంబరు అంటే వేట కాలం. అందరికీ నారింజ రంగు చొక్కాలు వేయండి.

మనుషుల విషయానికొస్తే, నాకు ఎదురైనవాళ్లలో ఎక్కువమంది చేయి ఊపి వెళ్లిపోయేవాళ్లే, బండి ఇరుక్కుంటే తాడేసి లాగేవాళ్లే. అయినా చీకటి పడకముందే చేరుకోవాలి. బండి ముందుభాగం రోడ్డు వైపు ఉండేలా పెట్టుకోవాలి, బయటికి వెళ్లే దారికి ఏదీ అడ్డం ఉండకూడదు. మనసుకి నచ్చకపోతే కారణం వెతుక్కోకుండా వెళ్లిపోవాలి. ఆడవాళ్లు "ఇక్కడ వద్దు" అంటే అక్కడితో చర్చ ముగిసినట్టే. వీసా మీద ఉన్నవాళ్లు ఐ-94 (దేశంలోకి వచ్చిన రికార్డు) ప్రతి, పాస్‌పోర్ట్ దగ్గర ఉంచుకోండి. చట్టం ప్రకారం ఎలాగూ ఉండాలి, దక్షిణ ఆరిజోనాలో రోడ్ల మీద బోర్డర్ పెట్రోల్ తనిఖీలు మామూలే.

ఆరిజోనా, యూటాలకి జూలై నుంచి సెప్టెంబరు మధ్య వచ్చేవాళ్లు ఎండిన వాగు ఇసుకలో టెంట్ వేయకండి. మెత్తగా, చదునుగా ఉందని ఆశపడతారు. ఎక్కడో కొండల్లో వాన పడితే, మీ నెత్తిమీద మబ్బే లేకపోయినా గోడలా నీళ్లొస్తాయి.

#14 · వ్యాన్_వేమారెడ్డిపాలెం

నేను వ్యాన్‌లో ఉంటూ పనిచేద్దామనుకుంటున్నాను. స్టార్‌లింక్ శాటిలైట్ ఇంటర్నెట్ పెట్టాను. చలికాలమంతా ఆరిజోనాలో ఉండొచ్చా? హెచ్-1బీ.

#15 · సోనోరా_నీడ

ముందు మీ కంపెనీ లాయర్‌ని అడగండి. మీ ఎల్‌సీఏలో (వీసా కోసం కంపెనీ లేబర్ శాఖకి ఇచ్చిన పత్రంలో) రాసిన చోటికి దూరంగా నెలల తరబడి కూర్చుని పనిచేస్తే కొత్త పిటిషన్ వేయాల్సిన పరిస్థితి రావచ్చు. సెలవులో వెళ్తే ఆ బాధ లేదు.

చోటు సంగతికి వస్తే, క్వార్ట్జ్‌సైట్ దగ్గర బీఎల్ఎం వాళ్లు దీర్ఘకాల బస కోసమే లా పోసా అనే చోటు పెట్టారు. సెప్టెంబరు 15 నుంచి ఏప్రిల్ 15 దాకా సీజన్ పాస్ ఉంటుంది, రెండు వారాలకైతే వేరే పాస్. నీళ్లు, డంప్ స్టేషన్ (టాయిలెట్ ట్యాంకు ఖాళీ చేసే చోటు), చెత్త వేసే చోటు ఉంటాయి. ఉచితం కాదు కానీ, 14 రోజులకోసారి సామాను సర్దుకునే బాధ తప్పుతుంది. టాయిలెట్ ట్యాంకు ఎక్కడా నేల మీద వదలకండి. ఒక్కరు చేసినా మొత్తం ప్రాంతం మూతపడుతుంది.

#16 · గూటీ_గాలిపటం

ఇంత వివరం రాశారు గానీ ఒక్కరు కూడా జీపీఎస్ పిన్ ఇవ్వలేదు. కొత్తవాళ్లం, రోడ్ నంబర్లు వెతుక్కుంటూ కూర్చోలేం. మంచి స్పాట్ల లిస్టు పెడితే మనవాళ్లందరికీ ఉపయోగం కదా? మన వాట్సాప్ గ్రూపుల్లో వందలమంది ఉన్నారు.

#17 · బొబ్బిలి_బాటసారి

కావాలనే ఇవ్వలేదండీ, ఎందుకో చెప్తాను. కోపం తెచ్చుకోకుండా చదవండి.

ఆరిజోనాలో సెడోనా చూడండి. ఊరి పడమటి వైపు ఫారెస్ట్ రోడ్ల మీద ఒకప్పుడు ఎవరికి నచ్చినచోట వాళ్లు దిగేవారు. పిన్లు పాకిపోయాయి, జనం పెరిగారు, పొదలు తొక్కుకుంటూ కొత్త కొత్త చోట్లు చేశారు, చెత్త, మలం. ఇప్పుడు అక్కడ గుర్తించిన చోట్లలోనే ఉండాలి. యూటాలో మోయాబ్ చుట్టూ కూడా అంతే, చాలాచోట్ల గుర్తు వేసిన సైట్లు మాత్రమే, సొంత టాయిలెట్ తెచ్చుకోవడం తప్పనిసరి. అలబామా హిల్స్ సంగతి పైన రాశాను. మూడుచోట్లా ఒకే క్రమం.

చోటు దిగజారుతుంటే ఎలా తెలుస్తుందో ఒకసారి దగ్గరగా చూడండి. ముందు చలిమంట వేసిన ఒకే రాళ్ల వలయం ఉంటుంది, చుట్టూ గడ్డి. తర్వాతిసారి రెండు వలయాలు, మధ్యలో గడ్డి లేదు. ఆ తర్వాత బండి మళ్లించుకున్న చక్రాల గుర్తులు పొదల మీదికి ఎక్కుతాయి, పొద వెనక తెల్లటి కాగితాలు, బూడిదలో కరగని రేకు, సీసాల మూతలు. ఎడారి నేల పైన నల్లగా, పెళుసుగా ఉండే పొర బూట్ల కింద పొడైపోయి ఉంటుంది. అది మళ్లీ కట్టుకోవడానికి దశాబ్దాలు పడుతుంది. చివరికి ఒక ఇనప గొలుసు, మూసివేత బోర్డు.

కాపలాకి మనుషులూ తక్కువే. 2025 ఫిబ్రవరిలో ఫారెస్ట్ సర్వీస్ వేలమంది ఉద్యోగుల్ని తీసేసింది, కొందరిని తర్వాత వెనక్కి తీసుకున్నారు. అదే ఏడాది జూన్‌లో లక్షల ఎకరాల బీఎల్ఎం, ఫారెస్ట్ భూమిని అమ్మాలని సెనేట్ బిల్లులో ప్రతిపాదన వచ్చింది. వేటగాళ్లు, చేపలు పట్టేవాళ్లు, కొండలెక్కేవాళ్లు, రెండు పార్టీలవాళ్లూ గట్టిగా ఎదురుతిరిగాక నెలాఖరుకి దాన్ని విరమించుకున్నారు. అమ్మాలనేవాళ్ల చేతికి మనం వదిలేసిన చెత్త ఫొటో కంటే మంచి ఆధారం ఉండదు.

అందుకే రోడ్డు నంబరు వెతుక్కోమంటున్నాను. మ్యాప్ చదివి, రేంజర్‌తో మాట్లాడి చేరుకున్న మనిషికి ఆ చోటి నియమాలు తెలిసే ఉంటాయి. పిన్ పట్టుకుని రాత్రి పదకొండింటికి చేరినవాళ్లకి అవేవీ తెలియవు.

#18 · గూటీ_గాలిపటం

మీ బాధ అర్థమైంది కానీ ఒప్పుకోను. ఎప్పటినుంచో వెళ్తున్నవాళ్లకే అన్నీ తెలిసి ఉండటం న్యాయం కాదు. తెల్లవాళ్ల పిల్లలకి తాతలనాటి నుంచి వచ్చిన జ్ఞానం ఇది. మనకి చెప్పేవాళ్లు లేరు. చోటు దాచేస్తే మనవాళ్లు ఎప్పటికీ హోటల్ దగ్గరే ఆగిపోతారు.

#19 · నెల్లూరు_అమ్మాయి

గూటీ గారి మాటలో నిజం ఉంది. నాకు కూడా మొదట్లో నేర్పినవాళ్లు ఉన్నారు కాబట్టే ధైర్యం వచ్చింది. పిన్ బదులు తోడు ఇద్దాం. బే ఏరియా నుంచి కొత్త కుటుంబాలు ఎవరైనా ఉంటే, ఒకసారి మాతో రండి. మ్యాప్ ఎలా చూడాలో, గొయ్యి ఎలా తీయాలో, మంట ఎలా ఆర్పాలో పిల్లలతో కలిసి చేద్దాం. రెండు బండ్లకి మించకుండా వెళ్దాం. పెద్ద గుంపు దిగితే ఆ చోటు తట్టుకోలేదు, పెద్ద సమూహాలకి కొన్నిచోట్ల ప్రత్యేక పర్మిట్ కూడా కావాలి.

#20 · గూటీ_గాలిపటం

అలాగైతే నేను వస్తాను. మా రెండు కుటుంబాలు. మెసేజ్ పెడుతున్నాను.

#21 · ప్లేనో_పిట్ట

అందరూ పడమటి వైపే రాస్తున్నారు. డల్లాస్ వాళ్ల సంగతేంటి? మా చుట్టుపక్కల ఎక్కడ చూసినా కంచెలే. మ్యాపులో బీఎల్ఎం రంగే కనిపించట్లేదు.

#22 · బొబ్బిలి_బాటసారి

టెక్సస్ 1845లో యూనియన్‌లో కలిసినప్పుడు తన ప్రభుత్వ భూములు తనే ఉంచుకుంది, తర్వాత అమ్మేసింది. అందుకే నెవాడాలో దాదాపు 80 శాతం ఫెడరల్ భూమి అయితే టెక్సస్‌లో 2 శాతం కూడా లేదు. అయినా మీకు దారి ఉంది. డెకేటర్ దగ్గర ఎల్‌బీజే నేషనల్ గ్రాస్‌లాండ్స్ ఫారెస్ట్ సర్వీస్‌దే, అక్కడ టెంట్ వేసుకోవచ్చు. ముక్కలు ముక్కలుగా ప్రైవేటు భూముల మధ్య ఉంటుంది కాబట్టి సరిహద్దు గుర్తులు చూసుకోండి. హ్యూస్టన్ వాళ్లకి శామ్ హ్యూస్టన్ నేషనల్ ఫారెస్ట్ ఉంది, జింకల వేట కాలంలో మాత్రం గుర్తించిన క్యాంపుల్లోనే ఉండాలి. కొంచెం దూరం వెళ్లగలిగితే ఆర్కన్సా, ఓక్లహోమాల్లో వాషిటా ఫారెస్ట్. వర్జీనియా వైపు వాళ్లకి జార్జ్ వాషింగ్టన్ అండ్ జెఫర్సన్ ఫారెస్ట్.

మొదటిసారి ఎల్‌బీజేకే వెళ్లండి. ఇంటికి దగ్గర, ఏదైనా మర్చిపోయినా తిరిగొచ్చేయొచ్చు. నవంబరు, మార్చి నెలలు బాగుంటాయి. ఎండాకాలంలో వద్దు, ఎండా పేలపురుగులూ రెండూ ఎక్కువే, ప్యాంటు సాక్సులోకి దోపుకోండి.

#23 · ప్లేనో_పిట్ట

పేలపురుగులంటే టిక్సేనా? పిల్లలకి పడితే ఏం చేయాలి?

#24 · కోనసీమ_కొబ్బరి

అవునండీ. సన్నటి ట్వీజర్‌తో చర్మానికి ఆనించి తలదగ్గర పట్టుకుని, మెలితిప్పకుండా నిదానంగా నిటారుగా లాగాలి. అగ్గిపుల్ల కాల్చి పెట్టడం, కిరసనాయిలు రాయడం చేయొద్దు. లాగాక సబ్బునీళ్లతో కడిగి, తేదీ రాసిపెట్టుకోండి. తర్వాతి వారాల్లో జ్వరం గానీ దద్దురు గానీ వస్తే ఆ తేదీతో సహా డాక్టర్‌కి చెప్పండి. రాత్రి పడుకునేముందు చెవుల వెనక, చంకల్లో, మోకాళ్ల వెనక, జుట్టులో చూడటం మర్చిపోవద్దు.